ఫ్రిజ్‌లో ఏడు సీసాలు

ఫౌండ్రీ ఫోర్‌మన్ లక్ష్మీపతి ఇంట్లో ఒక ఫ్రిజ్ ఉండేది. ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ల రైల్వే క్వార్టర్లన్నీ గాలించినా రెండోది కనపడేది కాదు. మెయిల్ బండి నడిపిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరొకడు ఉద్యోగం వదిలేసి ఆస్ట్రేలియా పోతూ ఇంట్లో సామాను వేలం వేస్తే, లక్ష్మీపతి వెళ్లి ఫ్రిజ్ పాడుకున్నాడు. దాంతోపాటు ఆ డ్రైవరు అలవాట్లు కూడా పాడుకుని తెచ్చుకున్నాడని ఫౌండ్రీలో కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఆయన చెవిన పడనంత దూరంలోనే లెండి.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. సాయంత్రం డ్యూటీ దిగి స్నానం చేశాక లక్ష్మీపతి వరండాలో పేము కుర్చీ వేసుకుని కూచునేవాడు. గ్లాసులో రెండు వేళ్ల విస్కీ, అందులో రెండు ఐసు ముక్కలు. ఆ ముక్కలు గ్లాసుకి తగిలి గలగలమనడం సందులో సైకిల్ మీద పోయేవాడికి వినపడాలి. వినపడకపోతే ఆయనకి తాగినట్టే ఉండేది కాదు. విస్కీ ఖిద్దర్‌పూర్ రేవులో ఎవడో ఓడ కళాసీ చేతుల మీదుగా వచ్చేది. సిగార్లు కలకత్తా న్యూ మార్కెట్ నుంచి చెక్కపెట్టెలో వచ్చేవి. ఒక్కో సిగారు కొస కత్తిరించి, వేళ్ల మధ్య తిప్పి, వాసన చూసి, అప్పుడు వెలిగించేవాడు.

పెరట్లో ఆయన తల్లి దాలమ్మ కూడా అదే వేళకి చుట్ట ముట్టించేది. సొంతూరు మందస పక్క ఆడవాళ్లందరిలాగే ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చేది. తల్లీ కొడుకులిద్దరూ కాల్చేది పొగాకే అయినా, సిగారు వేరు చుట్ట వేరు అని లక్ష్మీపతి గట్టిగా వాదించేవాడు. ఇంటికి పెద్దవాళ్లెవరైనా వస్తే తల్లిని పెరట్లోంచి కదలొద్దనేవాడు. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆ ఫ్రిజ్‌లోకి ఇన్సులిన్ సీసాలు తెచ్చి పెట్టినవాడు జగ్గారావు. ఫౌండ్రీలో క్యాజువల్ ఖలాసీ. ఎనిమిదేళ్లుగా ఇసుక మోస్తున్నా పర్మనెంటు కాలేదు. పర్మనెంటు కాలేదు గనక రైల్వే ఆసుపత్రిలో ఊరికే మందిచ్చే మెడికల్ కార్డు లేదు. అతని పెళ్లాం గంగాభవానికి ఇరవై ఆరేళ్లకే షుగర్ జబ్బు, అదీ రోజూ ఇన్సులిన్ పొడవకపోతే మనిషి దక్కని రకం. పొద్దున్నే సిరంజి మరగబెట్టి జగ్గారావే పొడిచేవాడు. ఇసుక మోసే చేతులతో అంత మెత్తగా ఎలా పొడుస్తాడో అని గోల్‌బజార్ బెంగాలీ డాక్టరే ఆశ్చర్యపోయేవాడు.

అది రూపాయి విలువ తగ్గించిన ఏడాది. బయటి దేశాల నుంచి వచ్చే మందులకి నెలకో ధర పలికేది, ఆ ధరకైనా దొరికేది కాదు. జగ్గారావు ఊళ్లో తన వాటాకొచ్చిన ముప్పై సెంట్ల పల్లం అమ్మేసి, కలకత్తాలో ఒక్కసారే తొమ్మిది సీసాలు కొన్నాడు. ఐసు ముక్కల మధ్య పెట్టి, తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని లోకల్ బండిలో తెచ్చాడు. తిన్నగా లక్ష్మీపతి వరండా ముందుకొచ్చి నిలబడ్డాడు. సల్లగా ఉంచాలంటండి, కానీ గడ్డకట్టకూడదంట, గడ్డకడితే పారబొయ్యడమేనంట అని డాక్టరు చెప్పిన మాట రెండుసార్లు అప్పజెప్పాడు.

లక్ష్మీపతికి ఎక్కడలేని సంతోషం వేసింది. ఇవ్వాల్సిందేమీ లేకుండా దాతననిపించుకునే అవకాశం ఎవరికి చేదు? అట్టపెట్టెని మధ్య అరలో పెట్టించాడు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఫ్రిజ్ తలుపు తీసి ఆ పెట్టె చూపించేవాడు. ఒక ఆడకూతురి ప్రాణం నా ఇంట్లో ఉందయ్యా అనేవాడు. జగ్గారావు పది పన్నెండు రోజులకోసారి వచ్చి ఒక్క సీసా పట్టుకెళ్లేవాడు. వచ్చినప్పుడల్లా చెప్పులు మెట్ల కిందే వదిలేవాడు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి అంతకు మించిన పండగ లేదు. యంత్రాలకి పసుపు కుంకాలు, కొలిమికి దండలు, గేట్లు తీసి ఆడవాళ్లకీ పిల్లలకీ షాపులనే లోపలి షెడ్లు చూపించడం. పూజయ్యాక పెద్ద సాహెబుని భోజనానికి పిలిచాడు లక్ష్మీపతి. రిటైరుమెంటు ఇక రెండేళ్లు. ఆలోగా ఒక మెట్టు పైకెక్కాలని ఆయన కోరిక. సాహెబుకి ఐసు నిండుగా ఉండాలని, మీట తిప్పి చివరి అంకె మీద పెట్టాడు. సోడా సీసాలకీ, మిష్టీ దొయి అనే తీపి పెరుగు ముంతలకీ అరలు చాలలేదు. మధ్య అరలో అట్టపెట్టె అడ్డొచ్చింది.

దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు జగ్గారావు మాట గుర్తు రాలేదని చెప్పడానికి లేదు. వచ్చింది. గడ్డకట్టకూడదన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. రెండు గంటల సేపే కదా అనుకున్నాడు. పెట్టెని పైన ఐసు గదిలోకి తోసి రేకు తలుపు మూసేశాడు.

సాహెబు వచ్చాడు. మూడు గ్లాసులు తాగాడు, రెండు సిగార్లు కాల్చాడు, ఐసు బాగుందన్నాడు. ఆయన వెళ్లాక మిగిలిన సీసా లక్ష్మీపతి ఒక్కడే కూచుని ఖాళీ చేసి, బూట్లతోనే మంచం మీద పడి నిద్రపోయాడు.

తెల్లారి దాహం వేసి ఫ్రిజ్ తీసేదాకా పెట్టె సంగతి గుర్తే లేదు. ఐసు గది నిండా తెల్లగా మంచు పేరుకుపోయింది. అట్టపెట్టె దానికి అతుక్కుపోయింది. స్క్రూ డ్రైవరుతో పెకలించాల్సి వచ్చింది. ఏడు సీసాలు, ఏడింటిలోనూ రాయిలా గట్టిపడ్డ తెల్ల ముద్ద. వాటిని ఇత్తడి పళ్లెంలో పరిచి వంటింటి కిటికీ దగ్గర ఎండలో పెట్టాడు. గంటకల్లా అన్నీ కరిగాయి. పైకి చూడ్డానికి ఒకటీ చెడిపోలేదు. వెలుతురుకి ఎత్తి చూస్తే మాత్రం అడుగున విరిగిన పాలలా పలుకులు కనపడ్డాయి. గట్టిగా కుదిపితే ఆ పలుకులు కలిసిపోయాయి.

లక్ష్మీపతి ముప్పై రెండేళ్లు ఇనుము కరిగించి పోతపోసినవాడు. వందసార్లు కరిగించినా, వందసార్లు గడ్డకట్టించినా ఇనుము ఇనుమే. తప్పుపోయిన పోతని పగలగొట్టి మళ్లీ కొలిమిలో వేస్తే కొత్త పోత వస్తుంది. లోకంలో ఏ పదార్థమైనా అంతే అని ఆయన నమ్మకం. డాక్టర్లకి ఏం తెలుసు, పుస్తకంలో ఉన్నది చదివి జనాన్ని భయపెడతారు అనుకున్నాడు. ఈ నమ్మకం వెనకాల ఇంకో లెక్క కూడా ఉంది, అది ఆయన తనకి తాను కూడా పైకి చెప్పుకోలేదు. జగ్గారావుకి నిజం చెబితే ఏడు సీసాలూ తానే కొనివ్వాలి. ఏడు సీసాలంటే ఏడాది సిగార్లు.

వెనక్కి తిరిగేసరికి దాలమ్మ గడపలో నిలబడి ఉంది. నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"ఆడికి సెప్పీరా," అంది.

చెప్పడానికేముంది, మందు బాగానే ఉంది అన్నాడు లక్ష్మీపతి. ఆవిడ కదలకపోయేసరికి గొంతు తగ్గించి, ఎక్కువ మాట్లాడితే మందసలో తమ్ముడింటికి బండెక్కించేస్తానన్నాడు. చిన్నకోడలు తిండి ఎలా పెడుతుందో దాలమ్మకి తెలుసు. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ పాపమూ తక్కువేమీ కాదు.

వారం రోజులకి జగ్గారావు వచ్చి సీసా పట్టుకెళ్లాడు. దసరా నాటికి భవాని మనిషి కాకుండా పోయింది. ఒకటే దాహం. కుండెడు నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. జాకెట్టు చేతులు వదులైపోయాయి. డాక్టరు మోతాదు పెంచాడు, తగ్గలేదు. ఇంకా పెంచాడు. సీసాలు పది రోజులు రావాల్సినవి ఆరు రోజులకే అయిపోతున్నాయి. కొత్త సీసా కొని చూద్దామంటే కలకత్తాలో సరుకు లేదు, ఉన్నా కొనడానికి జగ్గారావు దగ్గర ఇంకో పల్లం లేదు. పిల్ల దొంగతనంగా తీపి తింటోందా, లేక మందు ఎక్కడైనా పాడవుతోందా చూడు అని డాక్టరు అన్నాడు.

ఆ రెండో మాట పట్టుకుని జగ్గారావు వరండా ముందుకొచ్చాడు. అడగడానికి పావుగంట నీళ్లు నమిలాడు. కరెంటు ఎప్పుడైనా పోయిందాండీ, ఫ్రిజ్ ఎప్పుడైనా ఆగిందాండీ అని మాత్రం అడిగాడు.

లక్ష్మీపతి సిగారు బూడిద మెల్లగా రాల్చాడు. ఎదుటివాడి చూపులు నేల మీదే ఉన్నాయి. అది చూసి ధైర్యం వచ్చింది. ఆగిందా అని నన్నే అడుగుతున్నావా అన్నాడు. నీ మందుకి అద్దె తీసుకున్నానా, కరెంటు బిల్లు అడిగానా అన్నాడు. జగ్గారావు రెండు చేతులూ జోడించి, తప్పయిపోనాది అన్నాడు. అంతటితో ఆగి ఉంటే కొంత బాగుండేది. కానీ లక్ష్మీపతికి ఇంకో మాట తట్టింది, తట్టిన మాట ఆయన నోట ఆగదు.

"ఇంట్లో సీమలు కనపడతన్నాయేట్రా?"

జగ్గారావు తలెత్తాడు. కనపడుతున్నాయి. నీళ్లగది తూము దగ్గర, భవాని పడుకునే చాప చుట్టూ వారం రోజులుగా చీమలు బారులు కట్టి తిరుగుతున్నాయి.

"తీపి నేకుండా సీమలు ఎందుకొస్తాయి? ఇది పూజల కాలం. ప్రతి బెంగాలీ ఇంటి నుంచీ సందేశ్ పొట్లం వొస్తాది. ఆడది, నోరు కట్టుకోగలదేటి?"

మందు చచ్చిపోయాక ఆ పిల్ల ఒంట్లో చక్కెరంతా మూత్రంలో పోతోంది. చీమలు దానికొచ్చాయి. ఆ సంగతి లక్ష్మీపతికి తెలియదు. తెలియకపోయినా, తాను చెప్పింది నిజం కాదని మాత్రం తెలుసు. జగ్గారావు వెళ్లిన తీరు చూసి గండం గడిచిందనుకుని ఇంకో రెండు వేళ్లు పోసుకున్నాడు.

ఆ రోజు నుంచి జగ్గారావు బెల్లం డబ్బాకి తాళం వేశాడు. డ్యూటీకి పోతూ పెళ్లాన్ని గదిలో పెట్టి గొళ్లెం పెట్టేవాడు. చీమలు తగ్గలేదు. ఎక్కడ దాచావో చెప్పమని అడిగాడు, బతిమాలాడు, చివరికి నడుం బెల్టు తీశాడు. పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ అడ్డుపడబోతే, పొలమమ్మి కొన్న మందుని మట్టిపాలు చేస్తోందమ్మా అని తనే భోరుమన్నాడు. ఆమెకేం తెలుసు, అదీ నిజమేననుకుని వెళ్లిపోయింది.

కాళీపూజకి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం వేళ, భవాని అప్పలనర్సమ్మ చేత గొళ్లెం తీయించుకుని, గోడలు పట్టుకుంటూ లక్ష్మీపతి ఇంటికొచ్చింది. ఆ రోజు ఆయనకి రెస్టు. వరండా స్తంభానికి ఆనుకుని, ముందు నీళ్లడిగింది. దాలమ్మ చెంబుతో తెచ్చిస్తే గటగటా తాగి ఇంకో చెంబు అడిగింది. మోచేతి పైన బెల్టు వాత నల్లగా ఉంది. ఊపిరి వదిలితే కుళ్లిన అరటిపళ్ల వాసన కొట్టింది. లక్ష్మీపతి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"బాబూ, నాను బతకనని నాకు తెలుసు," అందామె. "మందు కోసం రానేదు. మీ మాటంటే ఆయనకి వేదం. ఇది తిన్నాది కాదురా, నిజంగా తిన్నాది కాదు అని మీరొక్క మాట సెప్పండి. ఇంకేటీ వొద్దు."

లక్ష్మీపతి ఆమె వైపు చూడలేదు. చేతిలో సిగారు ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకోవడానికి మూడు అగ్గిపుల్లలు గీశాడు. తర్వాత, చెప్తాలే, రేపు షాపులో చెప్తాలే అన్నాడు. భవాని ఆ మాటకే వంగి ఆయన కాళ్లకి దండం పెట్టింది. దాలమ్మ ఖాళీ చెంబు పట్టుకుని లోపలికి పోయింది.

ఆ రేపు వచ్చింది, షాపులో జగ్గారావు కనపడ్డాడు. లక్ష్మీపతి పోత పని చూస్తూ అటు తిరిగాడు. ఎల్లుండి కూడా అంతే. ఆ మర్నాడు జగ్గారావు డ్యూటీకి రాలేదు. కాళీపూజ పొద్దున్న భవాని పోయింది. చివరి రోజంతా ఆమెకి తెలివే లేదు. లక్ష్మీపతి పెద్ద పూలదండ కొనుక్కెళ్లి వేశాడు, ఖర్చుకి ఉంచమని జగ్గారావు చేతిలో ఇరవై రూపాయలు పెట్టాడు. ఎంత మనసయ్యా ఫోర్‌మన్ గారిది అనుకున్నారు సందులో.

పదిహేను రోజులు పోయాక, ఆదివారం పగటి పూట జగ్గారావు మళ్లీ వచ్చాడు. అలవాటుగా చెప్పులు మెట్ల కింద వదిలాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా రాలేదు. లక్ష్మీపతి అప్పుడే గ్లాసు ముందు పెట్టుకుని కూచున్నాడు. దాలమ్మ ఆ రోజు ఎందుకో పెరట్లో కాక వరండా మూల గోడకి చేరగిలబడి చుట్ట కాలుస్తోంది.

ఫ్రిజ్‌లో రెండు సీసాలు మిగిలిపోయాయి కదండీ, అవి తీసుకెళ్దామని వచ్చానన్నాడు జగ్గారావు. ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో బడి టీచరు జ్ఞానరత్నం గారి చెల్లెలికి ఇదే జబ్బుట, పదిహేనేళ్ల పిల్లట. మందు దొరక్క వాళ్లు కలకత్తా అంతా తిరుగుతున్నారట. భవాని పేరు చెప్పి ఊరికే ఇచ్చేస్తానన్నాడు.

లక్ష్మీపతి లేచి లోపలికి వెళ్లాడు. ఫ్రిజ్ తెరిచి రెండు సీసాలూ గుప్పిట్లోకి తీసుకున్నాడు. అవి చల్లగా ఉన్నాయి, అడుగున తెల్లటి పలుకులు పేరుకుని ఉన్నాయి. ఇస్తే ఏమవుతుందో ఈసారి ఆయనకి బాగా తెలుసు. ఇవ్వనని చెబితే ఎందుకో చెప్పాలి. గుమ్మం దాకా వచ్చాడు. జగ్గారావు చేయి చాచాడు. లక్ష్మీపతి గుప్పిట విప్పాడు. రెండు సీసాలూ సిమెంటు మెట్టు మీద పడి ముక్కలైపోయాయి.

ఆయన జన్మలో చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే. దానికే తిట్టు తిన్నాడు.

జగ్గారావు మోకాళ్ల మీద కూలబడి, మెట్టు పల్లంలో నిలిచిన మందుని అరచేత్తో గాజుముక్కల మీంచి ఎత్తబోయాడు. వేళ్లు తెగి రక్తం అందులో కలిసింది. "తాగుబోతు ఎదవా," అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆ నోటి నుంచి అలాంటి మాట రాలేదు. "ఒక పిల్ల ప్రాణంరా ఇది. తాగి తాగి సేతులు వొణికి నేలపాల్జేసినావు."

చేయి జారిందిరా అన్నాడు లక్ష్మీపతి. నిజానికి ఆయనకి లోపల తేలిగ్గానే ఉంది. సీసాలు పోయాయి, ఇక ఎవడూ పరీక్ష చేయించలేడు. తిట్టు సంగతంటారా, తాగుబోతన్న పేరు ఆయనకి కొత్త కాదు.

జగ్గారావు కోపం ఎంతోసేపు నిలవలేదు. తెగిన చేతిని పంచెకి తుడుచుకుని మెట్టు మీదే కూచుండిపోయాడు. కాసేపటికి గొంతు మళ్లీ పాత గొంతయింది. డాక్టరు దాదాని కలిసినానండి అన్నాడు. తీపి తినకపోయినా చీమలొస్తాయంట. ఈ జబ్బులో మూత్రానికే చీమలు పడతాయంట. తిన్నా అంతే, మందు పనిచెయ్యకపోయినా అంతేనంట. ఇంట్లో అటకలూ, పెట్టెలూ, చాపల కిందా అంతా వెతికాడట. ఒక్క పొట్లం కాగితమైనా దొరకలేదట.

"ఆకరి మాట కూడా అదే అన్నాది గురూగోరూ. నాను తిన్లేదు అన్నాది. మీరు పెద్దోరు, మీరు సెప్పండి. అది తిన్నాదంటారా, తిన్లేదంటారా?"

భవాని ఏ స్తంభానికి ఆనుకుని నిలబడిందో, జగ్గారావు ఇప్పుడు ఆ స్తంభం పక్కనే ఉన్నాడు. ఒక్క మాట. చచ్చిపోయిన మనిషికి ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. లక్ష్మీపతి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. ఐసు కరిగి నీళ్లయిపోయింది.

"తినే ఉంటాదిరా," అన్నాడు. "ఇంకా దాని గురించి ఆలోచించకు."

అప్పుడు దాలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. నిప్పున్న కొసని గోడకేసి నలిపి ఆర్పేసింది. మందస బండెక్కిస్తానన్న కొడుకు వైపు చూడలేదు, జగ్గారావు వైపే చూసింది.

"ఆ పిల్ల తిన్లేదురా, జగ్గా. ఇశ్వకర్మ పూజనాడు ఈడు సోడాలకి సోటు సాలక మందుని ఐసులో ఎట్టినాడు. తెల్లారి గడ్డకట్టీసినాది. ఎండలో కరిగించి నీకిచ్చినాడు. నాను సూసినాను. సూసి నోరు మూసుకున్నాను."

లక్ష్మీపతి కుర్చీలోంచి సగం లేచాడు. అమ్మకి మతి చలించిందిరా అనాలని నోటిదాకా వచ్చింది, పైకి రాలేదు. జగ్గారావు మెల్లగా లేచి నిలబడ్డాడు. ఫౌండ్రీలో ఇసుక ఎత్తే చేతులు, వెడల్పాటివి. ఒక్కటేస్తే లేవననుకుని లక్ష్మీపతి మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అలా ఎంతసేపు పెట్టుకున్నాడో తెలియదు. దెబ్బ పడలేదు. మోచెయ్యి దించి చూస్తే జగ్గారావు తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. రక్తం మణికట్టు దాకా కారింది.

"బెల్టుతో కొట్టినాను గురూగోరూ," అన్నాడు. "నీల్లు ఇమ్మని అడుగుతుంటే కొట్టినాను."